ఖాతాదారు లేని బాకీ

ఎలిస్తా ఉన్ని గిడ్డంగిలో ఇరవై రెండేళ్లు
పద్దులు రాశాను.
తడిసిన ఉన్ని ఎక్కువ తూగుతుంది. అందుకని
ఏ మూటనైనా లోపలికంటా చేయి పెట్టి చూడందే
తక్కెడ ఎక్కించేదాన్ని కాదు.
కర్మనీ అలాగే చూడబోయాను.

నమ్రూ లామా మంచివాడు. ప్రశ్నలకి విసుక్కోడు.
"నేను అనేది లేదు" అన్నాడొక రోజు.
సరే. మూట విప్పితే పోగులే ఉంటాయి,
మూట ఉండదు. అది నా రోజువారీ పనే.
"చేసింది అనుభవించక తప్పదు" అన్నాడు పై వారం.
అక్కడ కలం ఆగింది.
ఖాతాదారు లేడు,
బాకీ మాత్రం ఉంది!
ఇలాంటి పద్దు నేను రాసుంటే
తనిఖీకొచ్చినవాడు నన్ను ఊళ్లో ఉండనిచ్చేవాడా?

ఆయన దీపంతో దీపం ముట్టించి చూపించాడు.
అదే మంట కాదు, వేరే మంటా కాదు.
అందంగా ఉంది, ఒప్పుకున్నాను.
మరి మొదటి దీపం గుడిసె తగలబెడితే
రెండో దీపానికి శిక్ష వేస్తామా, లామా?
నవ్వి, నా టీలో ఇంకాస్త వెన్న వేశాడు.
నవ్వు జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

నా అసలు మూట అది కాదు.

నలభై మూడు డిసెంబరు, ఇంకా తెల్లారలేదు.
స్టెప్పీ మీద ప్రతి కల్మిక్ ఇంటి తలుపూ
ఒక్కసారే కొట్టారు.
మా ఏజ్‌కి, అంటే నాయనమ్మకి, ఎనిమిదేళ్లు.
పశువుల పెట్టెలో సైబీరియా దాకా రోజుల తరబడి ప్రయాణం.
తల్లికి పాలు ఎండిపోయాయి.
చెల్లెలు కిష్త్యాకి నాలుగు నెలలు.
బోర్డు మీద పేరుని మంచు మింగేసిన ఏదో స్టేషనులో
పట్టాల పక్కన పెట్టి రమ్మన్నారు.
పెట్టి వచ్చారు.

ఒక జాతి జాతికంతా పూర్వజన్మ పాపం
ఒకే రాత్రి, ఒకే గంటకి పండిందా?
పండిందంటే, తుపాకీ పట్టుకొచ్చిన కుర్రాడు
ఉత్త కోతకూలీ. వాడి తప్పేముంది?
పండలేదంటే, సూత్రం చిరిగింది.
ఓమ్స్క్ దగ్గర ఒక రష్యన్ ఆవిడకి
వీళ్లు మనుషుల్ని తింటారని చెప్పి ఉంచారట.
చేతులు వణుకుతుండగా
ఉడికిన బంగాళాదుంపల బకెట్టు అందించింది.
ఆ వణుకు ఎవరి ఖాతాలో జమ?

పద్నాలుగేళ్లకి తిరిగొచ్చాక
ఇంటికొచ్చిన ఓ పెద్ద లామా అన్నాడట:
"పూర్వకర్మ, తల్లీ."
ఏజ్ ఆయనకి ఉప్పు టీ పోసింది.
తాగేదాకా ఎదురుగా కూర్చుంది.
లేచి తలుపు తీసి పట్టుకుంది.
తిట్టలేదు. మళ్లీ పిలవనూ లేదు.

జూల్ పండగ మాత్రం మానలేదు.
పిండితో పడవలా ప్రమిద చేసి, నెయ్యి పోసి,
గడ్డిపుల్లలకి దూది చుట్టి
వయసెంతో అన్ని వత్తులు.
ఆఖరి ఏడు ఎనభై మూడు. పడవ పడవంతా మంటే.
పక్కన బొటనవేలంత ఇంకో ప్రమిద.
అందులో ఎప్పుడూ ఒకటే వత్తి.

దొరికిపోయిందనుకున్నాను, చదువుకున్నదాన్ని గదా.
"మళ్లీ పుట్టడం నిజమైతే, ఏజ్,
నీ చెల్లెలు ఎక్కడో ముసల్దై ఉంటుంది.
వత్తులు ఎందుకు పెంచవు?"
నెయ్యి వేళ్లు ఏప్రాన్‌కి తుడుచుకుంది.
"ఎక్కడ పుట్టిందో అక్కడి వాళ్లమ్మ వెలిగిస్తుందిలే దానికి.
ఇది, నేనెత్తుకున్న పిల్లది."

గిడ్డంగి మూతపడింది. తక్కెడని పాత ఇనుము కింద అమ్మేశారు.
అనిత్యం ఒక్కటీ ఏ తనిఖీకైనా నిలబడుతుంది,
దానికి లామా అక్కర్లేదు.
ఈ జూల్‌కి నాకు యాభై నాలుగు.
పిండి కొంచెం మిగిలింది.
మిగిలిందో, మిగిల్చానో.
బొటనవేలితో నొక్కి గుంట చేశాను.

"అయితే నమ్ముతున్నావన్నమాట" అన్నాడు నమ్రూ, కిటికీ అవతల నిలబడి.
తూకం ఇంకా వెయ్యలేదన్నాను.
చేయి పెట్టి చూశానంతే.
లోపలంతా తడిగా ఉంది.